తరగతి గదిలో డిజిటల్ కథ: రెండేళ్ల వాడకం తరువాత

డి.ఎడ్. మొదటి సంవత్సరంలో మాకు ఇచ్చిన ఒక అసైన్‌మెంటుతో నాకు డిజిటల్ కథ పరిచయమైంది. ఆ తరువాత రెండు విడతల ఇంటర్న్‌షిప్‌లోనూ, ఛాత్రోపాధ్యాయినిగా (శిక్షణలో ఉన్న ఉపాధ్యాయినిగా), ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి పిల్లలతో దీనిని వాడాను. 1990లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో, ఒక మనిషి తన అనుభవాన్ని తన గొంతుతోనే, కొద్దిపాటి బొమ్మలతో, రెండు మూడు నిమిషాల వీడియోగా చెబుతాడు. సొంత గొంతు అన్న నియమం ఎందుకు పెట్టారో నాకు మొదటి ఏడాది చివరికి గాని అర్థం కాలేదు.

నేను చేసిన మొదటి కథలో అంతర్జాలం నుంచి తెచ్చిన రంగురంగుల బొమ్మలు, వెనుక సంగీతం అన్నీ ఉన్నాయి. పిల్లలు కళ్లార్పకుండా చూసి మళ్లీ వేయమన్నారు. కథ చెప్పమంటే మాత్రం ఎవరూ రెండు వాక్యాలకు మించి చెప్పలేకపోయారు. తరువాతి వారం సంగీతం తీసేసి, నాలుగే బొమ్మలు ఉంచి, ముగింపుకు ముందు వీడియోను ఆపి "ఇప్పుడేమవుతుంది?" అని అడిగితే, మిగిలిన పీరియడ్ అంతా వాళ్లే మాట్లాడారు.

అప్పటి నుంచి కథలు చేసే పనిని పిల్లలకే అప్పగించాను. చదవడంలో బాగా వెనుకబడిన ఒక అమ్మాయి, వాళ్ల నాయనమ్మ మిద్దె మీద వడియాలు పెడితే కాకులను తోలడానికి తాను పడ్డ పాట్లను తన ఇంటి యాసలోనే చెప్పింది. దానిని ఫోనులో రికార్డు చేసి, ఆమె పలికిన మాటలను పలికినట్టే చార్టు మీద రాసి ఇచ్చాను. బొమ్మలకు వరుస కుదర్చడం కోసం ఆ పిల్ల తన గొంతును పదేపదే వింటూ, చార్టు మీది మాటలపై వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. పిల్లలు చెప్పిన మాటలనే రాసి, వాటితోనే చదవడం నేర్పే భాషానుభవ పద్ధతి గురించి నేను పరీక్షకు చదివినదంతా ఆ రోజు కళ్లెదుట జరిగింది. నా శిక్షణ కాలంలో నాకు ఇంతకంటే సంతోషం కలిగించిన సంఘటన మరొకటి లేదు.

పరికరాల విషయానికొస్తే, మామూలు స్మార్ట్‌ఫోను చాలు. అయితే తరగతిలో ఫ్యాను చప్పుడు గొంతును మింగేస్తుంది కనుక, ఫ్యాను కట్టేసి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి రికార్డు చేయాలి. నేను వాడిన వీడియో ఎడిటింగ్ యాప్‌తో పెద్ద చిక్కే వచ్చింది: తెలుగు ఒత్తులు విడిపోయి, "వస్త్రం" వంటి మాట ముక్కలుముక్కలుగా కనిపించేది. అక్షరాలు ఇంకా కుదురుకోని పిల్లలకు తప్పు రూపం చూపించడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అందువల్ల పేర్లు, శీర్షికలు పిల్లల చేతే కాగితం మీద రాయించి, ఫొటో తీసి వీడియోలో చేర్చాను. టైపు చేసిన వాటి కంటే అవే అందంగా ఉన్నాయి.

కథ చేయించడానికి ముందు చదివించడానికి, పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు నాకు ఎంతో ఉపకరించింది. అందులో తెలుగు పుస్తకాలు పఠన స్థాయుల వారీగా దొరుకుతాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉండటం వల్ల, రచయిత, చిత్రకారుల పేర్లు చెప్పి, వాటిని మన పిల్లల మాటలకు తగ్గట్టు మార్చుకోవచ్చు కూడా.

ఇందులో అసలు ఖర్చు సమయం. రెండు నిమిషాల కథకు నాకు కనీసం నాలుగు పీరియడ్లు పట్టింది. సిలబస్ ఒత్తిడి ఉన్న చోట నెలకు ఒకటి కూడా కష్టమే కాబట్టి, టర్ముకు ఒక్కటి పెట్టుకుని, పిల్లలను నలుగురేసి జట్లుగా చేయడం మేలని నా అభిప్రాయం. పిల్లల ముఖాలు వీడియోలో పెట్టకుండా వాళ్లు గీసిన బొమ్మలే వాడాను, గొంతు రికార్డు చేయడానికి తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. తయారైన కథలను ఎక్కడా పంచకుండా, మెమరీ కార్డులో వేసి ప్రధానోపాధ్యాయులకు అప్పగించి వచ్చాను.