కైరోలోని ముఖ్తార్ మ్యూజియం: రాతిలో పల్లె స్త్రీల వస్త్రాలు

కైరో చూడబోయే తెలుగువారికి పిరమిడ్లతో పాటు, నైలు నది నడుమ గెజీరా దీవిలో ఒపేరా హౌస్‌కు చేరువగా ఉన్న మహమూద్ ముఖ్తార్ మ్యూజియానికి కూడా ఒక పూట కేటాయించుకోమని గట్టిగా చెబుతాను. వాస్తుశిల్పి రమ్సీస్ విస్సా వాసెఫ్ రూపకల్పన చేసిన ఈ భవనం 1962లో ప్రారంభమైంది. ఆధునిక ఈజిప్టు శిల్పకళకు ఆద్యుడిగా గౌరవం పొందిన ముఖ్తార్ (1891-1934) సమాధి కూడా ఇందులోనే ఉంది.

అన్నిటికంటే ముందు ‘ఖమాసీన్’ అనే శిల్పాన్ని చూడాలి. వసంతకాలంలో ఎడారి ఇసుకను మోసుకొచ్చే వేడిగాలి పేరు అది. ఆ గాలికి ఎదురు నడుస్తున్న ఒక పల్లె స్త్రీ తల వంచి, ముసుగును ఒంటికి బిగించి పట్టుకుంది. ముందువైపు బట్ట దేహానికి అంటుకుపోగా, వెనుకవైపు అదే బట్ట గాలి నింపుకుని పెద్ద వంపుగా ఉబ్బింది. మడతలు బహు కొద్దివి, అయితే ప్రతి మడతా గాలి ఎటునుంచి వీస్తోందో, ఆమె ఎంత బలంగా అడుగు వేస్తోందో చెబుతుంది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ‘వెయిల్డ్ రెబెకా’ను చూసినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ పాలరాయి పలుచని తెరలా మారి, లోపలి ముఖాన్ని చూపిస్తుంది. ఆ నైపుణ్యానికి ఎవరైనా తలవంచవలసిందే. ముఖ్తార్ మాత్రం రాయిని రాయిగానే ఉంచి, పొలానికీ ఏటికీ వెళ్లే స్త్రీ నిత్యం కట్టుకునే ముతక బట్టకు ఫారోల కాలపు విగ్రహాల గాంభీర్యాన్ని ఇచ్చాడు. కుండలు మోసే స్త్రీల శిల్పాల్లోనూ పొడవాటి అంగీ నిలువు గీతలే వారి నడకకు నిటారుతనాన్ని తెస్తాయి. నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

ఆయన ప్రఖ్యాత గులాబీరంగు గ్రానైట్ శిల్పం ‘నహ్దత్ మిస్ర్’ (ఈజిప్టు పునరుజ్జీవనం) మాత్రం ఈ మ్యూజియంలో లేదు. ప్రజల చందాలు కూడా తోడై రూపొందిన ఆ శిల్పాన్ని 1928లో కైరో రైల్వేస్టేషన్ ఎదుటి కూడలిలో ఆవిష్కరించారు. 1955లో కైరో విశ్వవిద్యాలయం ఎదుటికి తరలించారు. మనిషి తల, సింహపు దేహం ఉన్న స్ఫింక్స్ తలపై ఒక చేయి ఉంచిన స్త్రీ, మరో చేత్తో మేలిముసుగు తొలగిస్తుంది. ఈజిప్టు స్త్రీల హక్కుల ఉద్యమ నాయకురాలు హుదా షారావీ 1923లో బహిరంగంగా తన ముఖతెరను తీసివేసింది కూడా ఆ రైల్వేస్టేషన్‌లోనే అని గుర్తుంచుకుంటే, మొదట అక్కడ నిలిచిన ఆ శిల్పం బరువు మరింత తెలుస్తుంది. అయినా, వస్త్రం విషయంలో అది కొంత బిగుసుకుపోయినట్లే నాకు కనిపిస్తుంది. ‘ఖమాసీన్’లోని చలనం అందులో లేదు. అందువల్ల మ్యూజియం ముందు చూసి, నది దాటి విశ్వవిద్యాలయం వైపు ఆ తరువాత వెళ్లడం మంచిది.