“ఫుల్ బ్యాకప్” అని చిట్టీ రాసిచ్చి డీ డ్రైవ్ మాయం చేశారు: హనుమకొండ, వరంగల్, కాజీపేట వాళ్లు జాగ్రత్త

షాపు పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. కంప్యూటర్ మొరాయిస్తే మనలో చాలామంది మెట్లెక్కి పోయేది అక్కడికే. “ఏం ఫికర్ చెయ్యకు అన్నా” అనే ఆ తియ్యటి మాట మీరూ వినే ఉంటారు. అది విని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయినవాళ్లలో నేనొకణ్ణి. కోపం ఇంకా దిగలేదు. రాసేది అటూ ఇటూ అయితే సర్దుకోండి.

మా బాపు ఇంట్లోనే డీటీపీ చేస్తాడు, అంటే కంప్యూటర్‌లో పత్రికలు, కార్డులు కూర్చి ప్రింటుకు తయారు చేసే పని. విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల కోసం అనూ ఫాంట్లు, అంతే ఆయన లోకం. పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, సర్పంచ్ ఎలక్షన్ల కరపత్రాలు, మేడారం జాతరప్పుడు ఊళ్లవాళ్లు వేయించుకునే బ్యానర్ల మ్యాటర్, అన్నీ ఆ ఒక్క సీపీయూలోనే. దానికి తోడు ఇంటి ఫోటోలు, పాత పహాణీల స్కాన్లు, అందరి ఆధార్ కాపీలు. సీ డ్రైవ్‌లో విండోస్, డీ డ్రైవ్‌లో బతుకు. 500 జీబీ హార్డ్ డిస్క్ కొన్నాళ్లుగా లోపల కటకటమని చప్పుడు చేస్తోంది. పూర్తిగా పోకముందే దాని బదులు ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కు, వేయిద్దామని తీసుకెళ్లాను.

కొత్తది కొనుక్కుని ఫైళ్లు కాపీ చేసుకుంటే అయిపోయేది కదా అని ఎవరో అంటారని తెలుసు. డీటీపీ వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. ఆ పాత ఫాంట్లు యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే పద్ధతివి, కావు. ఫైలు ఒక్కటే తీసుకెళ్లి వేరే మిషన్‌లో తెరిస్తే “శుభలేఖ” ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫాంట్లు, కీబోర్డ్ సెట్టింగు, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. అందుకే సిస్టం ఇమేజ్ అడిగాను. విండోస్, సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులు, ఫైళ్లు మొత్తం కలిపి డిస్కును యథాతథంగా ఒక చోట దాచిపెట్టి, కొత్త డిస్కు మీద మళ్లీ అలాగే దించడం. ఆన్ చేస్తే బాపుకి తేడా తెలియకూడదు, అదీ నేను అడిగింది.

అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. “సీ, డీ రెండూ కావాలె, మొత్తం ఇమేజ్ తియ్యాలె, అదే ఎస్ఎస్‌డీ మీద ఎక్కించాలె” అని. ఇమేజ్ పెట్టడానికి నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా ఇచ్చాను. తలూపాడు. చిట్టీ మీద “సిస్టం ఇమేజ్ ఫుల్ – 800” అని రాశాడు. కింద 256 జీబీ ఎస్ఎస్‌డీ ధర. జీఎస్టీ బిల్లు అడిగితే “మనకు మనకు ఏంది అన్నా” అన్నాడు. చదువుకున్న మనిషిని, ఆ చిట్టీ మీద “ఫుల్” అన్న మాట చూసి మురిసిపోయాను. నాకు నేనే మొక్కుకోవాలి.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే విండోస్ 10 వచ్చింది. కొత్తగా కొట్టింది, ఖాళీది. పేజ్‌మేకర్ లేదు, ఫాంట్లు లేవు, డీ డ్రైవ్ అసలే లేదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి చూస్తే విండోస్‌ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డర్ కనిపించింది. హమ్మయ్య అనుకున్నాను. లోపలికి పోతే వీహెచ్‌డీ ఫైళ్లు (ఒక్కో డ్రైవు నకలు ఒక్కో ఫైలుగా) రెండే ఉన్నాయి. ఒకటి బూట్ కోసం ఉండే 100 ఎంబీ పార్టిషన్‌ది, రెండోది సీ డ్రైవ్‌ది. డీ ఊసే లేదు.

బాపుని వెంటబెట్టుకుని షాపుకి పోయాను. ఇక్కడినుంచి జరిగింది పొల్లు పోకుండా రాస్తాను, ఎందుకంటే నన్ను మండించింది డిస్కు కన్నా ఇదే.

ఓనరు ఫోన్లోంచి తలెత్తలేదు. “అన్నా, ఇమేజ్ అంటే విండోస్ ఇమేజ్. డాటా వేరే. డాటా కావాలంటే చెప్పాలె గదా” అన్నాడు. చిట్టీ తీసి కౌంటర్ మీద పెట్టాను. ఇక్కడ ఫుల్ అని నీ చేతితోనే రాశావు కదా అంటే “ఫుల్ అంటే ఫుల్ ఇమేజ్” అన్నాడు. ఏం చెప్తాం దీనికి? సరే, ఆ ఇమేజ్ అయినా ఎక్కించావా అని అడిగాను. “ఎక్కలే అన్నా, ఎర్రర్ చూపిచ్చింది. అందుకే ఫ్రెష్ విండోస్ కొట్టినం. 7 పాతది, 10 కొట్టినం. ఇంకా మంచిదే గదా.” నాకు మేలు చేసినట్టు చెప్తున్నాడు! ఎక్కనప్పుడు ఒక్క ఫోన్ కొట్టొచ్చు కదా అంటే “బిజీ ఉంటిమి” అట. 800 తీసుకోవడానికి మాత్రం తీరిక దొరికింది.

ఇంకో సంగతి, ఆయన గొప్పగా కొట్టిచ్చిన ఆ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే ఆపేసింది. 7కి 2020 జనవరిలోనే ఆపారు. అంటే గడువు అయిపోయినదాన్ని తీసేసి గడువు అయిపోయినదాన్నే పెట్టాడు, పైగా అది ఒరిజినల్ కూడా కాదు.

బాపు అప్పటిదాకా కుర్చీలో కూర్చుని వింటున్నాడు. “నీ షాపు ఓపెనింగ్ పత్రిక కూడా అండ్లనే ఉండె బిడ్డా” అన్నాడు. నిజమే, ఆ పత్రిక కొట్టింది మా బాపే. అప్పుడైనా వాడు కొంచెం తగ్గుతాడనుకున్నాను. “పెద్దాయనా, ఇప్పుడు పేజ్‌మేకర్ ఎవరు వాడుతున్నరు? ఫోన్ల యాప్‌లు ఉన్నయ్, రెండు నిమిషాల పత్రిక అయితది” అన్నాడు. తన చేతిలోని ఫోన్ ఎత్తి చూపించాడు కూడా. ఏళ్ల తరబడి ఈ పనితో ఇల్లు నడిపిన మనిషి మొహం మీద అనే మాటా అది?

నేను గొడవ పెంచకుండా ఒకటే అడిగాను. పాత హార్డ్ డిస్క్ ఇచ్చెయ్యి, నా తిప్పలు నేను పడతాను అని. “అది డెడ్ అన్నా, పారేసినం” అన్నాడు. మా డిస్కు పారేయడానికి నువ్వెవడివి అనేలోపు వెనకాల టేబుల్ దగ్గర సాల్డరింగ్ చేస్తున్న పిల్లగాడు తల తిప్పకుండానే “గది డీవీఆర్‌ల వేసినం గదా అన్నా, మొన్న” అన్నాడు.

షాపంతా ఒక్క క్షణం కిక్కురుమనలేదు. ఓనరు ఆ పిల్లగాణ్ణి చూసిన చూపు నేను చూశాను.

అర్థమైంది కదా? చనిపోయిందని నాకు చెప్పిన డిస్కును ఫార్మాట్ కొట్టి, ఇంకెవరికో సీసీ కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టెలో, అదే డీవీఆర్‌లో, వేసి అమ్ముకున్నారు. నన్ను అడిగింది లేదు, చెప్పింది లేదు. ఈ నిమిషాన ఏదో దుకాణంలో గల్లాపెట్టె ముందు నిలబడ్డ గిరాకీల వీడియో మా బాపు పెండ్లి పత్రికల మీద, మా అమ్మ ఫోటోల మీద పడి రికార్డవుతోంది. ఆ దుకాణం ఆయనకైనా న్యాయం జరిగిందా? కటకటలాడే డిస్కు ఇచ్చారు. రేపు దొంగతనం జరిగి వెనక్కి తిప్పి చూసుకుంటే ఏముంటుందో దేవుడికే తెలియాలి. ఎవరికి ఇచ్చారో చెప్పమంటే “గుర్తు లేదు”. రిజిస్టర్ చూడమంటే “రాయలే”. ఇంకా గట్టిగా అడిగితే “ఏం చేసుకుంటవో చేసుకో అన్నా, గిరాకీ టైం” అన్నాడు. చేసుకుంటున్నాను.

తర్వాత కూర్చుని, వాళ్లు చేసిందేమిటో ఒక్కొక్కటిగా చూసుకున్నాను. విండోస్ 7లో సొంతంగా ఇమేజ్ తీసే సదుపాయం ఉంది. అందులో ఏ డ్రైవులు కావాలని అడిగే చోట విండోస్ నడవడానికి అవసరమైనవి మాత్రమే ముందే టిక్ అయి ఉంటాయి. డీ కావాలంటే మనమే టిక్ పెట్టాలి. ఒక్క టిక్. నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయారు, అంతే. ఇక ఆ “ఎర్రర్” సంగతి. ఈ పద్ధతిలో తీసిన ఇమేజ్ పాత డిస్కు కన్నా చిన్న డిస్కు మీద దిగదు. సీ డ్రైవ్‌లో సామాను 60 జీబీయే ఉన్నా సరే, 500 జీబీ డిస్కు నుంచి తీసింది 256 మీద ఎక్కదు. 480 జీబీ ఎస్ఎస్‌డీ మీద కూడా కుదరదు. అంతే సైజుదో, అంతకన్నా పెద్దదో కావాలి. రోజూ ఇదే పని చేసేవాడికి ఈ సంగతి తెలియకుండానే నాకు 256 అంటగట్టాడా? తెలిసీ అంటగట్టాడా? ఏది నిజమైనా ఆ షాపుకి మంచి పేరేం కాదు.

దక్కింది దక్కినంత. ఆ వీహెచ్‌డీ ఫైలును విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌కి పోయి, అటాచ్ వీహెచ్‌డీ కొట్టి, రీడ్ ఓన్లీ పెట్టి తెరిస్తే మామూలు డ్రైవులాగే తెరుచుకుంటుంది. అలా ఫాంట్లు దొరికాయి, బాపు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న కొన్ని పత్రికలు దొరికాయి. ఇంకో 500 జీబీ ఎస్ఎస్‌డీ కొని, విండోస్ 7 డీవీడీతో బూట్ చేసి, ఆ ఇమేజ్ నేనే దించాను. ఎక్కింది! పేజ్‌మేకర్ తెరుచుకుంది. రీసెంట్ ఫైళ్ల లిస్టులో పేర్లన్నీ కనిపిస్తున్నాయి, ఏది నొక్కినా ఫైలు లేదంటోంది. అన్నీ డీలోవే మరి. షాపువాడు చేతులెత్తేసిన పనిని నేను ఇంట్లో కూర్చుని చేసుకున్నాను. 800 ఎవరు ఎవరికి ఇవ్వాలో మీరే చెప్పండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేసుకోవచ్చు. చిట్టీ, వాట్సాప్‌లో వాడు పెట్టిన “ఇమేజ్ డన్ అన్నా” మెసేజ్, అన్నీ దాచాను. చిట్టీయే కదా అని పారేయకండి, నాకు ఇప్పుడు అదే దిక్కు.

మీరు ఇవ్వబోయేవాళ్లుంటే, ఏ షాపైనా సరే, పాత డిస్కు మీ చేతికి వచ్చేదాకా డబ్బు ఇవ్వకండి. అది పనికిరాకపోయినా మీదే. ఇమేజ్ తీశామంటే అక్కడే తెరిపించి, మీ ఫోల్డర్ ఒకటి, అందులో ఒక ఫోటో, కళ్లతో చూసి రండి. ఫైళ్లను ఇమేజ్‌తో సంబంధం లేకుండా విడిగా ఇంకోచోట కాపీ పెట్టుకోండి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లైతే చాలావాటికి డిస్కు లాక్ అయి ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ముందే రాసిపెట్టుకోండి. లేకపోతే మంచి షాపువాడు కూడా ఏం చేయలేడు. సొంతంగా చేసుకునేవాళ్లకు ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్లు క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా ఉచితమే. వాటికీ చిన్న డిస్కు పేచీ ఉంటుంది, పెద్దదే కొనండి.

ఇప్పుడు అసలు పని. డీవీఆర్ ఫార్మాట్ చేసినా, రికార్డింగ్ డిస్కంతా నిండేదాకా కింద పాత డేటా కొంత మిగిలే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అదీ పోతుంది. హనుమకొండ, వరంగల్, కాజీపేట, హసన్‌పర్తి వైపు ఈమధ్య ఎవరైనా సీసీ కెమెరాలు పెట్టించుకుని, డీవీఆర్‌లో పాత 500 జీబీ డిస్కు వేయించుకుని ఉంటే ఒకసారి మూత తీసి చూడండి. మా డిస్కు మీద తెల్ల కరెక్షన్ పెన్‌తో “శ్రీ” అని రాసి ఉంటుంది, బాపు చేతిరాత. అది కనిపిస్తే వెంటనే డీవీఆర్ ప్లగ్ పీకేసి నాకు మెసేజ్ పెట్టండి. కెమెరాలకు సరిపోయే కొత్త 1 టీబీ డిస్కు నేనే తెచ్చి బిగించి ఇస్తాను, పాతది నాకివ్వండి చాలు.