ఇంట్లో కట్టుకున్న మిర్రర్ డింగీ: కొన్నేళ్లు నడిపాక

ఇంగ్లండ్‌లో మా గ్యారేజీలో కిట్ తెప్పించుకుని కట్టిన మిర్రర్ డింగీని కొన్నేళ్లుగా దగ్గరలోని జలాశయంలో నడుపుతున్నాను కాబట్టి, కొత్త మోజు తీరాక మిగిలిన అభిప్రాయాన్నే ఇక్కడ రాస్తున్నాను. 3.3 మీటర్ల పొడవు, సుమారు 45 కిలోల బరువు ఉండే ఈ చెక్క తెరచాప పడవను పడవల రూపకర్త జాక్ హోల్ట్, టెలివిజన్‌లో ఇంటి మరమ్మతులు నేర్పిన బ్యారీ బక్నెల్ కలిసి రూపొందించగా, డైలీ మిర్రర్ పత్రిక 1963లో జనంలోకి తెచ్చింది. ఇప్పటికి 70 వేలకు పైగా తయారయ్యాయి. వడ్రంగం రానివారు కూడా ఇంట్లో కట్టుకోగలగాలన్నదే మొదటి ఉద్దేశం. అది నెరవేరిందనే చెప్పాలి.

ముందే కోసి వచ్చిన మెరైన్ ప్లైవుడ్ (పడవలకు వాడే, నీటిని తట్టుకునే ప్లైవుడ్) పలకల అంచుల వెంట చిన్న రంధ్రాలు వేసి, రాగి తీగతో కుట్టి, ఆ అతుకుల మీద ఫైబర్‌గ్లాస్ టేపు పరిచి, ఆరితే గట్టిపడే రెసిన్ జిగురు పట్టిస్తారు. నేల మీద చదునుగా పడి ఉన్న అడుగు పలకలను ఇలా కుట్టి, ముందు వైపు తీగలను పట్టకారుతో ఒక్కొక్క మెలిక చొప్పున బిగిస్తూ పోతే, చెక్క కిర్రుమంటూ వంపు తిరిగి పడవ ఆకారానికి వస్తుంది. మన కోస్తాలో కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసులా పడవలు ఉండేవి. వాటికి ఆ కుట్టే చివరిదాకా ఆధారం కాగా, ఇక్కడ తీగ పని రెసిన్ గట్టిపడేదాకా మాత్రమే. అసలు ఓపిక కావలసింది ఆ రెసిన్, అంటే ఎపాక్సీ దగ్గర: చలికాలపు గ్యారేజీలో అది ఎంతకీ ఆరదు, ఆరాక పైన జిడ్డుపొర కడితే, దాన్ని నీటితో కడిగిన తర్వాతే గరుకు కాగితం పట్టాలి.

నీటిలోకి దించడం పెద్ద పనేమీ కాదు. పొడవైన ఒకే తెరచాప కొయ్యకు బదులు పొట్టి కొయ్య, దాని వెంట పైకి లేపే మరో కొయ్య ఉండే గంటర్ అమరిక వల్ల కొయ్యలన్నీ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి కనుక, కారు పైకప్పు మీద తీసుకెళ్లి ఇద్దరు మనుషులు దించుకోవచ్చు. ఒక పెద్ద మనిషికీ ఒక పిల్లవాడికీ ఇది చక్కగా సరిపోతుంది. ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. ముక్కు మొనదేలి ఉండక పలకలా ఉండడంతో ఎదురుగాలిలో చిన్న అలలకే టపటపమని కొట్టుకుని వేగం తగ్గుతుంది. ఇరుపక్కలా, ముందూ మూసిన గాలి అరలు ఉండడం వల్ల బోల్తా పడినా మునగదు. వేగం కోరేవారికి దీన్ని సిఫారసు చేయను, గాలిని అర్థం చేసుకోవడం నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం నిస్సంకోచంగా చేస్తాను.

ఇన్నేళ్లలో కుట్టిన అతుకు ఒక్కటీ విడలేదు. చెరుపంతా ప్లైవుడ్ కోసిన అంచుల నుంచే మొదలవుతుంది: వార్నిష్ పగిలిన చోట తేమ చేరి, ముందు గోధుమరంగు మరక కనబడి, పట్టించుకోకపోతే నల్లబడి పొరలు విచ్చుకుంటాయి. అడుగు నుంచి నీటిలోకి దిగి పడవ పక్కకు జారకుండా ఆపే పలకను (డాగర్‌బోర్డ్) పెట్టే గూడు లోపలి వైపు మరీ ప్రమాదం, ఎందుకంటే అక్కడికి తర్వాత కుంచె దూరదు. కట్టబోయేవారు ఆ గూడు పలకలను కలపకముందే లోపలి ముఖాలకు ఎపాక్సీ రెండు మూడు పూతలు వేసుకోవాలి. ప్లైవుడ్ విడిగా కొనేవారు మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1088 ముద్ర ఉన్నదే తీసుకోవాలి, ఈ ఖర్చులో పొదుపు చూసుకోవద్దు.