కోయి కొలనుకు బాగ్ ఫిల్టర్: కొన్ని వేసవులు వాడాక

కొలను 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు లోతు. అంటే 8,000 లీటర్లు. హైదరాబాద్ ఎండ, బోరు నీళ్లు, ఎనిమిది కోయి చేపలు. ప్లాస్టిక్ ప్రెషర్ ఫిల్టర్‌ని ఒడ్డున ఎంత దాచినా కనబడుతుంది, దాని స్పాంజీలు కడగడమే ఒక పని. బాగ్ ఫిల్టర్ అంటే కంకర నింపిన తొట్టి: నీళ్లు అడుగు నుంచి పైకి వస్తాయి, పైన మొక్కలు పెరుగుతాయి. చూసేవాళ్లకు పూలమడిలాగే ఉంటుంది. మా ఓటు దీనికే. కాకపోతే ముందు చేపల మలం పట్టే ట్యాంకు పెట్టలేనివాళ్లు దీని జోలికి రావద్దు.

కంకర ఉన్నది చేపలు వదిలే అమోనియాను మార్చేసే బ్యాక్టీరియా అంటుకోవడానికి, చెత్త వడగట్టడానికి కాదు. మలం నేరుగా అందులోకి వెళ్తే సందులు పూడిపోయి, నీళ్లు ఏదో ఒక మూల నుంచే పైకి తోసుకొస్తాయి. మిగతా చోట ఆక్సిజన్ అందక నల్లటి బురద, కుళ్లిన గుడ్ల వాసన.

సరైన వరస ఇది: కొలను అడుగున 4 అంగుళాల డ్రెయిన్, అక్కణ్నుంచి 500 లీటర్ల ట్యాంకు, ఆ తర్వాతే తొట్టికి నీళ్లు తోసే పంపు. ట్యాంకు అంచు కొలను నీటిమట్టం కన్నా కాస్త ఎత్తుగా ఉండాలి, లేదంటే పంపు ఆగగానే పొర్లుతుంది. పంపుని కొలనులోనే దించితే మలాన్ని పొడి పొడి చేస్తుంది. ఆ పొడి ఏ ట్యాంకులోనూ అడుగుకి దిగదు. ట్యాంకు అడుగు వాల్వు రోజు విడిచి రోజు తిప్పాలి. ఆ నీళ్లు గులాబీలకు పోయండి.

తొట్టి వైశాల్యం కొలను పైభాగంలో పావు వంతు, ఇక్కడ 2 చదరపు మీటర్లు. లోతు 55 సెం.మీ. అడుగున నీళ్లు పంచే 50 ఎంఎం పీవీసీ పైపులు, 5 సెం.మీ.కి ఒకటి చొప్పున హాక్సా గాట్లు, గాట్లు కిందివైపు. పైపు చివరలు పైకి తెచ్చి మూత బిగిస్తే తర్వాత ఒత్తిడితో కడగొచ్చు. ఒక మూల 8 అంగుళాల పైపుని నిలువుగా అడుగుదాకా నిలబెట్టాలి, చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు దించి మడ్డి తోడటానికి. మేస్త్రీలు అనవసరం అంటారు, వినొద్దు. అది లేకపోతే మడ్డి తీయాలంటే కంకరంతా ఎత్తాల్సిందే.

కంకర అడుగున 40 ఎంఎం, నడుమ 20, పైన 12. గ్రానైటే వాడండి, క్రషర్ దుమ్ము పోయేదాకా కడిగాక. కడప రాయి ముక్కలు సున్నపురాయి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పెంచుతాయి. పీహెచ్ 8 దాటిన వేడి నీళ్లలో అదే అమోనియా మరింత విషం.

పంపు డబ్బా మీద రాసే ఎల్‌పీహెచ్ (గంటకు ఎన్ని లీటర్లు) సున్నా ఎత్తు దగ్గర లెక్క. మీటరున్నర ఎత్తుకి గంటకు 4,000 లీటర్లు ఇస్తుందా అని పంపుతో ఇచ్చే గ్రాఫులో చూసి కొనాలి.

మొక్కల్లో మెట్టతామర, అంబ్రెల్లా పామ్ బాగా పనిచేశాయి. వేళ్ల మట్టి కడిగి నేరుగా కంకరలో నాటాలి. జమ్ము వద్దు, వేళ్లు పైపుల్ని చుట్టేస్తాయి.

కొత్త తొట్టి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు. అమోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా మేత సగమే. నీళ్లు పచ్చబడితే 18 వాట్ల యూవీ (అతినీలలోహిత) దీపం సరిపోతుంది, కానీ రాళ్లకు పట్టే నాచుని అదేమీ చేయలేదు. ట్యూబు నీలంగా వెలుగుతున్నా 9,000 గంటల తర్వాత పస ఉండదు, మార్చాలి.

అసలు పరీక్ష ఎండాకాలమే. 30 డిగ్రీల నీళ్లలో లీటరుకి 7.5 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు, తెల్లవారుజామున ఇంకా తగ్గుతుంది. ఎయిర్ పంపుని ఇన్వర్టర్ మీద పెట్టండి. ఆవిరైన నీళ్లు నింపడమొక్కటే చాలదు, ఉప్పులు పేరుకుంటాయి. వారానికి పదో వంతు పారబోసి కొత్తవి పట్టాలి. కరెంటు కొన్ని గంటలు పోతే తొట్టిలో నీళ్లు మురుగుతాయి. రాగానే పంపు వేయకండి. ముందు నిలువు పైపులోంచి అడుగు నీళ్లు తోడి బయట పోయాలి, ఆ తర్వాతే స్విచ్.