మా వాడి గదిలో సముద్రం, రెండోసారి

పిల్లల గదిలో సముద్రం బొమ్మలు వేయించాలనుకునే హనుమకొండ, వరంగల్ వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా. మేం ఒకసారి చేయించాం, పీకించాం, మళ్ళీ చేయించాం. కాబట్టి ఒకే గోడకు ఇవి రెండు రివ్యూలు.

పళ్ళ డాక్టర్ దగ్గర అక్వేరియం చూసినప్పటి నుంచి మా వాడికి (నాలుగున్నరేళ్ళు) చేపల పిచ్చి పట్టుకుంది. స్కూల్లో చేరుతున్నాడు, వేరే గదిలో పడుకోవడం అలవాటు చేద్దామనుకుంటే, "చేపలుంటేనే పడుకుంటా" అని షరతు పెట్టాడు. గది చిన్నది, ఒక్కటే కిటికీ. నాలుగు గోడలూ నీలం చేస్తే పగలే లైటు వేసుకోవాలి. అందుకే మంచం పక్కనున్న పడమటి గోడ ఒక్కటే సముద్రం, మిగతా మూడూ తెల్లగానే ఉంచుదామనుకున్నాం. ఆ నిర్ణయం మాత్రం ఇప్పటికీ సరైందే అనిపిస్తుంది.

మొదట వాల్‌పేపర్ షాపుకు వెళ్ళాం. పేరు రాయను. మా గోడ 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు, అంటే 110 చదరపు అడుగులు. రెడీమేడ్ రోల్ ఒకటి 57 చదరపు అడుగులు వస్తుందంటే రెండు సరిపోతాయని లెక్కేసుకున్నా. సరిపోవు. రోల్ 21 అంగుళాల వెడల్పు, 33 అడుగుల పొడవు ఉంటుంది. పదడుగుల ముక్కలు ఒక్కో రోల్‌కి మూడే వస్తాయి. మా గోడకు ఏడు ముక్కలు కావాలి, అంటే మూడు రోల్స్. ఇది ముందే తెలిస్తే కౌంటర్ దగ్గర నాలాగా వాదించి పరువు పోగొట్టుకోరు. చివరికి మా గోడ కొలతకే ప్రింట్ చేయించే రకం తీసుకున్నాం. చదరపు అడుగుకు 90 రూపాయలు, అతికించే కూలీ 1,500, మొత్తం 11,400.

అతికించిన రోజు చూడముచ్చటగా ఉంది. మా అత్తమ్మ కూడా "మంచిగుంది బిడ్డా" అన్నది. రెండో రోజు మా వాడు ఆక్టోపస్ ముందు కూర్చొని వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి "అమ్మా, దీనికి ఏడే ఉన్నాయి" అన్నాడు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను, ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులు, మూడు గుండెలు అని వాడికి చెప్పిందీ నేనే. దగ్గరికెళ్ళి చూస్తే రెండు ముక్కలు కలిసేచోట ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కించి అతికించారు. ఎనిమిదో చెయ్యి అతుకు కిందికి పోయింది. షాపుకు ఫోన్ చేస్తే "పిల్లలు లెక్కపెడతారా మేడం" అని నవ్వారు.

అంతవరకైతే సర్దుకునేవాళ్ళం. జూలైలో ముసురు పట్టింది. వారం తిరక్కముందే కింది మూల పేపరు ఉబ్బింది. గోరు పెట్టి లాగితే తడి అప్పడంలా లేచొచ్చింది, వెనకంతా నల్లగా బూజు. ఆ గదిలో పడుకుంటున్న పిల్లాడికి దగ్గు. షాపువాళ్ళ జవాబు: "గోడ చెమ్మ మా బాధ్యత కాదు." నిజమే కావచ్చు. కానీ కొలతలకు వచ్చిన అబ్బాయి టేపు పట్టుకున్నాడే తప్ప గోడ మీద చెయ్యి పెట్టి చూడలేదు. వానగాలి కొట్టే పడమటి గోడ అని నేనే చెప్పాను కూడా. బయటి గోడకు పగుళ్ళున్నచోట వాల్‌పేపర్ వద్దని ఒక్క మాట అంటే ఏం పోయేది? ఆ షాపుకు నేనిచ్చేది ఒకటే స్టార్, అదీ ప్రింట్ రంగులు బాగున్నందుకు.

వానలు తగ్గేదాకా గోడను అలాగే వదిలేశాం. బతుకమ్మ పండుగ అయ్యాక బయట పగుళ్ళు పూడ్పించి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించి, లోపల గీకించి, మళ్ళీ పుట్టీ పెట్టించాం. అసలు ఖర్చంతా ఇక్కడే. బొమ్మల ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు.

రెండో రివ్యూ మా స్కూలు గోడల మీద బొమ్మలు వేసిన పెయింటర్ గురించి. జీర్ణవ్యవస్థ బొమ్మ ఎంత బాగా వేశాడో నాకు తెలుసు కాబట్టి పిలిచాను. మాట్లాడుకున్నది 9,000, రంగులు మావి. ఒక బకెట్ తెల్ల ఎమల్షన్, నీలం స్టెయినర్ సీసాలు తెమ్మన్నాడు. నాలుగు డబ్బాల్లో కలిపి, పైన లేత నీలం, కిందికి వస్తున్నకొద్దీ ముదురు వేశాడు. నీళ్ళలో లోతుకు పోయేకొద్దీ ముందు ఎరుపు వెలుగే మాయమవుతుంది, అందుకే లోతంతా నీలంగా కనిపిస్తుందని నేను పాఠం మొదలుపెడితే, "మరి పగడాలు ఎర్రగ వెయ్యాల్నా వద్దా మేడం?" అన్నాడు. వెయ్యమన్నాను. పిల్లాడి గది, ల్యాబ్ కాదు.

ఆ పగడాలు వేసిన తీరు చూసి తీరాల్సిందే. మా బాల్కనీలో విత్తనాలకని ఎండబెట్టిన బీరకాయ ఉంది. అడిగి తీసుకుని, అడ్డంగా కోసి, పీచును గులాబీ రంగులో ముంచి గోడకు అద్దాడు. మూడు చిల్లులతో, జల్లెడలాంటి అచ్చు పడింది. కొంచెం తిప్పి పక్కనే ఇంకోటి. పావుగంటలో గోడ కింద పగడాల గుట్ట లేచింది. మా అత్తమ్మ స్నానానికి దాచుకున్న ఇంకో బీరపీచు కూడా తెచ్చిచ్చింది.

తర్వాత గొడవ కొర్రమట్టతో (కొర్రమీనుతో) వచ్చింది. మృగశిర నాడు నానమ్మ వెంట చేపల మార్కెట్‌కు పోయి వచ్చినప్పటి నుంచి మా వాడికి అన్నిటికంటే పెద్ద చేప అదే. తెలంగాణ రాష్ట్ర చేప కూడా కొర్రమీనే, అది వేరే సంగతి. సముద్రంలో అది ఉండదు నాన్నా, చెరువుల్లో ఉంటుందని చెప్పాను. ఏడుపు. పెయింటర్ కాసేపు గోడ చూసి, "గోదారి సముద్రంల కలుస్తది కద మేడం" అని ఎడమవైపు పైమూలలో ఒక నది పాయ గీశాడు, దాని నోటి దగ్గర కొర్రమట్ట. నీళ్ళ పై అంచుకు ఆనుకుని తల బయటకు పెట్టింది. ఎందుకలా అంటే, అది పైకొచ్చి గాలి పీలుస్తుందట, చిన్నప్పుడు చెరువులో చూశాడట. నిజంగానే కొర్రమీను గాలి పీల్చే చేప. నేను చెప్పాల్సింది ఆయన చెప్పాడు.

ఇక ఫిర్యాదులు. నాలుగు రోజుల పని పదకొండు రోజులు సాగింది. మధ్యలో ఏదో పెళ్ళని రెండు రోజులు ఫోనే ఎత్తలేదు. నీళ్ళ రంగులే వాడాలని మొదటే చెప్పినా, చేపల చుట్టూ నల్ల గీతలు నిలబడాలని నాకు చెప్పకుండా ఆయిల్ పెయింట్ వాడాడు. టర్పెంటైన్ వాసన పోయేదాకా నాలుగు రాత్రులు అందరం హాల్లో పడుకున్నాం. చిన్న పిల్లలున్న ఇంట్లో ఈ మాట ముందే గట్టిగా మాట్లాడుకోండి. పనయ్యేదాకా సగం డబ్బులు మీ దగ్గరే ఉంచుకోండి.

చిన్నాచితకా సరుకుల గురించి రెండు మాటలు. సీలింగ్‌కు చీకట్లో మెరిసే చేపల స్టిక్కర్లు అతికించాం. అందరూ రేడియం అంటారు గానీ ఇప్పుడు వాటిలో రేడియం ఉండదు, భయపడకండి. లైటు వెలుగు పట్టించాలి, కాసేపటికి మసకబారతాయి, ఆలోపు మా వాడు నిద్రపోతాడు. పేపరు లాంతరుకు రిబ్బన్లు కట్టి జెల్లీఫిష్ చేయడం మాత్రం నా తెలివితక్కువ పని. ఫ్యాన్ వేయగానే రిబ్బన్లు రెక్కలకు చుట్టుకున్నాయి. కిటికీకి మా అత్తమ్మ పాత నీలం షిఫాన్ చీర పరదాగా కుట్టింది. మధ్యాహ్నం ఎండ దానిలోంచి పడితే గోడ మీద నీళ్ళు కదిలినట్టే ఉంటుంది. గది మొత్తంలో పైసా ఖర్చు కానిది అదొక్కటే.

పెయింటర్‌కు నాలుగు స్టార్లు. ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులున్నాయి, మా వాడు రోజూ చూసుకుంటాడు. స్విచ్ బోర్డు పక్కన తెల్లగోడ మీద ఒక నీలం చుక్క కారింది, సంక్రాంతి అయ్యాక వచ్చి తుడుస్తానన్నాడు. ఇంకా రాలేదు. మా వాడు స్కెచ్ పెన్‌తో దానికి కన్ను పెట్టాడు.