కార్బనా, పాలిమరా? పల్లాడియానికి ఏ సపోర్ట్ మేలు?

చౌటుప్పల్, జడ్చర్ల ఫార్మా కంపెనీల్లో కొత్తగా చేరిన మా నల్లగొండ తమ్ముళ్లు ఎప్పుడు కలిసినా అడిగేది ఇదే: "అన్నా, సుజుకి కప్లింగ్‌కి పల్లాడియం కార్బన్ వాడాలా, పాలిమర్ మీద ఎక్కించిందా?" సుజుకి అంటే పల్లాడియం సాయంతో రెండు అణువుల ముక్కలను కార్బన్-కార్బన్ బంధంతో కలిపే రియాక్షన్, ఆ పల్లాడియాన్ని ఎక్కించే పదార్థమే సపోర్ట్. పోయిన నెల నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

హైడ్రోజనేషన్ (అణువుకు హైడ్రోజన్ చేర్చడం) అయితే ఆలోచించక్కర్లేదు, కార్బనే. చవక, దాదాపు ఏ సాల్వెంట్‌లోనైనా పనిచేస్తుంది, వాడేశాక కాల్చి బూడిదలోంచి లోహాన్ని రాబట్టుకోవచ్చు. హైడ్రోజన్ తగిలిన కేక్‌ను (వడకట్టాక మిగిలే కార్బన్ ముద్దను) మాత్రం ఫిల్టర్ మీద ఆరనివ్వొద్దు. గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది, పక్కన మిథనాల్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నీళ్లతో తడిపే ఉంచాలి.

కప్లింగ్‌కి వచ్చేసరికి లెక్క మారుతుంది. అందరూ ముందు సర్ఫేస్ ఏరియా (ఉపరితల వైశాల్యం) చూస్తారు. యాక్టివేటెడ్ కార్బన్‌కు గ్రాముకు వెయ్యి చదరపు మీటర్లంటే, హైపర్‌క్రాస్‌లింక్డ్ పాలీస్టైరీన్‌కూ అంత వస్తుంది. నన్నడిగితే ఆ అంకె కన్నా ముఖ్యం, లోహాన్ని పట్టుకునే గుణం సపోర్ట్‌కు ఉందా లేదా అన్నది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనకు ఇది కొత్త కాదు. మామూలు కార్బన్ ఫిల్టర్‌కు ఎన్ని రంధ్రాలున్నా ఫ్లోరైడ్‌ను ఆపలేదు, యాక్టివేటెడ్ అల్యూమినా ఆపుతుంది.

సుజుకిలో కలపాల్సిన ముక్కల్లో ఒకటైన ఆరైల్ హాలైడ్ తగలగానే పల్లాడియం కొంత సపోర్ట్‌ను వదిలి ద్రావణంలోకి దిగుతుంది, దీన్నే లీచింగ్ అంటారు. చల్లారాక చాలావరకు తిరిగి సపోర్ట్ మీదికే చేరుతుంది. అందుకే చల్లారాక ఫిల్టర్ చేసి "లీచింగ్ లేదు" అనుకుంటే మోసపోతాం. మేం 80 డిగ్రీల దగ్గర, రియాక్షన్ సగంలో ఉండగానే వేడివేడిగా వడకట్టి, ఆ ఫిల్ట్రేట్‌ను మళ్లీ వేడి మీద పెట్టాం. కార్బన్‌తో చేసిన ఫిల్ట్రేట్ నీళ్లలా తేటగా ఉంది. అయినా గంట తర్వాత టీఎల్‌సీలో (పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే పరీక్షలో) ప్రొడక్ట్ మచ్చ ముదిరింది, అంటే లోహం అందులోకి దిగిందన్నమాట. పిరిడీన్ గ్రూపులున్న పాలిమర్‌తో చేసినదాంట్లో ఆ మచ్చ దాదాపు కదల్లేదు. పాలిమర్ నుంచి లోహం అసలు దిగదని కాదు, దిగినదాన్ని పిరిడీన్ లాంటి గ్రూపులు మళ్లీ పట్టుకుంటాయి. మందు తయారీలో ఆఖరి స్టెప్పుకు ఇది చాలా పెద్ద సంగతి. మందుల్లో లోహ మలినాలకు హద్దులు పెట్టే అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3డీ ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు.

పాలిమర్‌తో తిప్పలు లేవని కాదు. మొదట మేం జెల్ రకం రెజిన్ (పాలిమర్ గింజలు) తెచ్చి ఇథనాల్-నీళ్లలో వేశాం, రియాక్షన్ కదల్లేదు. టోలీన్‌లో, టీహెచ్ఎఫ్‌ లాంటి సాల్వెంట్లలో ఉబ్బే గింజ అక్కడ ముడుచుకునే ఉంటుంది, లోపలి లోహం దాకా ఏదీ చేరదు. ఉబ్బకపోయినా రంధ్రాలు తెరిచే ఉండే మాక్రోపోరస్ రకం తెచ్చాకే పని నడిచింది. స్టిర్రర్ వేగం పెంచితే గింజలు పగిలి పొడి అవుతాయి, ఆ పొడి ఫిల్టర్ గుడ్డను మూసేస్తుంది.

సీఓఎఫ్‌లు (కోవాలెంట్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు, క్రమమైన రంధ్రాలున్న పాలిమర్లు) అందంగా ఉంటాయి కానీ ప్లాంట్‌కు కావలసినంత దొరకడం కష్టం. సిలికా వేడి క్షారంలో కరుగుతుంది, క్షారంతో నడిచే సుజుకికి వద్దు.

మేం మాత్రం ఆఖరి కప్లింగ్‌కు పిరిడీన్ పాలిమర్ తీసుకున్నాం, హైడ్రోజన్‌తో చేసే నైట్రో రిడక్షన్‌కు పాత కార్బన్‌నే ఉంచాం. మీరు ఏది ఎంచుకున్నా లోహం ఎంతుందో కొలిచే ఐసీపీ పరీక్షకు పంపే శాంపిల్‌ను వేడిగా ఉన్నప్పుడే వడకట్టండి.