లూగర్, పీ38 గురి ఎంత పక్కా: ఓబర్న్‌డోర్ఫ్, జూల్, ప్రాగ్ ట్రిప్ అనుభవం

లూగర్, పీ38 లాంటి పాత జర్మన్ సర్వీస్ (సైన్యం వాడిన) పిస్టల్స్ అంటే ఇష్టం ఉన్నవాళ్ళకి జర్మనీలోని ఓబర్న్‌డోర్ఫ్, జూల్, చెక్ రాజధాని ప్రాగ్, ఈ మూడు ఊళ్ళూ ఒకే ట్రిప్‌లో కలుపుకోమని చెప్తాను. లూగర్ గురి తప్పదు అని అందరూ అంటుంటారు గానీ ఎందుకు తప్పదో మ్యూజియంలో లోపలి భాగాలు చూస్తే తెలుస్తుంది, ఎక్కడ తప్పుతుందో మాత్రం చేత్తో కాల్చితేనే తెలుస్తుంది.

స్టుట్‌గార్ట్‌లో ఉండే మా బావతో కలిసి వెళ్ళాను, ఆయన కాలేజీలో ఎన్‌సీసీ పాయింట్ టూ టూ రైఫిల్ బాగా కాల్చేవాడు. మొదట ఓబర్న్‌డోర్ఫ్, స్టుట్‌గార్ట్ నుంచి ట్రైన్‌లో వెళ్ళొచ్చు. తుపాకులు తయారుచేసిన మౌజర్ అన్నదమ్ముల ఊరు ఇది, 1811లో పాత మఠంలో పెట్టిన రాజుగారి తుపాకీ ఫ్యాక్టరీతో మొదలైంది కథ, 1930 నుంచి లూగర్లు కూడా ఇక్కడే తయారయ్యాయి. మ్యూజియం చిన్నదే, తెరిచే వేళలు చూసుకుని వెళ్ళండి. మౌజర్ సీ96 పిస్టల్ మీద 1000 మీటర్ల దాకా గీతలున్న సైట్ (గురి చూసే భాగం) చూసి బావ "ఏరా, పిస్టల్‌తో కిలోమీటర్ దూరం ఎవడు కొట్టాడ్రా" అన్నాడు. నిజమే, అది కాగితం మీద లెక్క. కానీ దాని ముందు సైట్, వెనక సైట్ రెండూ బారెల్‌తో కలిసిన ఒకే ముక్క మీద ఉంటాయి, గురి చెదరకపోవడానికి అది చాలా పెద్ద ప్లస్. ఊళ్ళో రాత్రి ఉండాల్సిన పనిలేదు, మేం దిగిన గాస్ట్‌హౌస్‌లో రూం శుభ్రంగా ఉంది గానీ ఆదివారం కావడంతో షాపులన్నీ మూసేసి తిండికి బాగా ఇబ్బంది పడ్డాం.

అసలు ఉండాల్సింది జూల్‌లో. ఎర్ఫుర్ట్ దాకా వచ్చి అక్కణ్ణుంచి లోకల్ ట్రైన్‌లో తురింగియా అడవుల మధ్యగా వెళ్ళాలి. మాల్ట్‌హౌస్ అనే పాత చెక్క కట్టడంలో తుపాకుల మ్యూజియం ఉంది, పక్కనే ఉన్న జెల్లా-మేలిస్ వాల్టర్ కంపెనీ పుట్టిన ఊరు, పీ38 మొదట తయారైంది అక్కడే. ఇక్కడ పెన్షన్లు అంటే ఇంటివాళ్ళే నడిపే లాడ్జిలు, మాకు దొరికినామె పొద్దున్నే రొట్టె, గుడ్లు, చీజ్ కడుపునిండా పెట్టింది, వెజిటేరియన్లు బంగాళదుంప ముద్దలతో సర్దుకోవచ్చు. ఊరి బయట ఫ్రీడ్‌బర్గ్ షూటింగ్ సెంటర్ ఉంది, 2022 జూనియర్ వరల్డ్ కప్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ మెడల్స్ కొట్టింది జూల్‌లోనే, ఆ చోటు చూస్తుంటే భలే గర్వంగా అనిపించింది.

తర్వాత డ్రెస్డెన్ మీదుగా ప్రాగ్, ఎల్బే నది పక్కనే సాగే ఆ ట్రైన్ దారి కోసమైనా విమానం వద్దనుకోండి. అక్కడ మేం బుక్ చేసుకున్న షూటింగ్ రేంజ్‌లో లైసెన్స్ లేకపోయినా పాస్‌పోర్ట్ చూసి ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి కాల్పించాడు.

ముందు లూగర్ పీ08. ఆర్మీ మోడల్ బారెల్ దాదాపు 100 మిల్లీమీటర్లే. కాల్చినప్పుడు బారెల్ పైకో కిందకో వంగకుండా తిన్నగా వెనక్కి జరుగుతుంది, పైగా పిడి వంపు వల్ల చెయ్యి చాపగానే అదే టార్గెట్ వైపు చూస్తుంది. అంతా బాగుంది గానీ వెనక సైట్ పైన మోకాలిలా మడుచుకునే టాగుల్ అనే కీలు మీద ఉంటుంది, టాగుల్ వదులైతే గురీ వదులే. అందుకే పార్టుల మీద కొట్టిన నంబర్లు ఒకదానికొకటి కలిశాయో లేదో చూడమంటారు, మాకిచ్చినదానికి కలిశాయి. సైట్ ఇంగ్లీషు వీ ఆకారంలో సన్నటి గాడి, లైటు తక్కువైతే కనపడదు. ట్రిగ్గర్ కూడా పక్కనున్న లివర్ ద్వారా పనిచేస్తుంది కాబట్టి ఎప్పుడు పేలుతుందో ముందు అంతుపట్టదు, మెత్తగా బెల్లంపాకంలో వేలు పెట్టినట్టు సాగుతుంది. అలవాటయ్యాక మాత్రం 25 మీటర్లలో బావ దెబ్బలన్నీ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి, నావి అంతకంటే బాగా చెదిరాయి.

పీ38 బారెల్ ఇంకా పొడవు, 125 మిల్లీమీటర్లు, అదీ తిన్నగానే జరుగుతుంది, సైట్లు కూడా కంటికి బాగా ఆనుతాయి. కానీ వెనకుండే సుత్తి (హ్యామర్) దించి ఉన్నప్పుడు మొదటి దెబ్బకి ట్రిగ్గర్ చాలా గట్టిగా, దూరంగా లాగాలి, ఆ లాగుడుకే నా దెబ్బ కిందకి వెళ్ళిపోయింది. సుత్తి వేలితో వెనక్కి లాగి కాలిస్తే లూగర్‌కి దగ్గరగానే వచ్చింది. వరుసగా కాల్చాలంటే నేను పీ38నే తీసుకుంటా, ఒక్కో దెబ్బ నింపాదిగా గురిపెట్టి కొట్టాలంటే లూగర్ ముందు అది నిలవదు, నా మనసులో మాట ఇది.

బుక్ చేసేటప్పుడు అసలు పాత పీ38 ఇస్తారా, లేక యుద్ధం తర్వాత ఉల్మ్‌లో చేసిన పీ1 ఇస్తారా అని అడగండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా పీ1 ఫ్రేమ్ అల్యూమినియం, చేతిలో తేలిగ్గా ఉంటుంది. తూటాలు కూడా ఏవి వాడతారో కనుక్కోండి, పవర్ తక్కువైతే లూగర్ టాగుల్ పూర్తిగా వెనక్కి రాక ఇరుక్కుంటుంది. ఇంకొక రేంజ్‌లో ఇలాగే మాటిమాటికీ ఆగిపోతే కట్టిన డబ్బుకి సగం సమయం క్లియర్ చేయడానికే పోయింది. చవక ప్యాకేజీలో ఐదారు తుపాకులు తలా నాలుగు తూటాలు కాకుండా, ఒక్క లూగర్‌కే ఎక్కువ తూటాలు తీసుకోండి, ఆ ట్రిగ్గర్ అలవాటవడానికే మొదటి మ్యాగజైన్ అయిపోతుంది.